నావ కట్టే పొన్న

పచ్చగానే ఉంది.

మోకాళ్ల లోతు బురదలో నిలబడి, స్టెల్లా కొమ్మను కిందికి వంచింది. ఆకుల చాటున చిన్న ములక్కాడల్లా వేలాడుతున్నాయి మొలకలు. కాయకూ మొలకకూ మధ్య ఒక సన్నని పట్టీ. అది పసుపు రంగుకు తిరిగితే మొలక పండినట్టు. బొటనవేలితో తడిమి చూసింది...

ఇంకా పచ్చగానే ఉంది.

ఉప్పుపొన్న, ఉప్పునీటి మడ చెట్టు. విత్తనం కొమ్మ మీదే మొలకెత్తి, జానెడు పెరిగి, అప్పుడు గానీ తల్లిని వదలదు. తొందరపెడితే దక్కదు. పోయినేడు వరదకు భయపడి స్టెల్లా పచ్చివే తెంపింది. పాలసంచుల్లో పాయ మట్టి నింపి, ఒక్కొక్కటే గుచ్చి, పెరట్లో నీడన పెట్టుకుంది. ఒక్కటీ నిలవలేదు. అన్నీ కుళ్లాయి. ఆ వాసన చాలా రోజులు ఆమె చేతుల్ని వదల్లేదు.

ఈ ఏడు తెంపదు. పండేదాకా ఆగుతుంది.

తను ఆగుతుంది సరే... గోదారి ఆగుతుందా?

ఈ పాయ పొడుగునా ఒకప్పుడు పొన్నలే. తాత రోజుల్లో నూలు వలలు. పొన్న బెరడు ఒలిచి, ఉడకబెట్టి, ఆ ఎర్రటి నీళ్లలో వల ముంచితే ఉప్పుకు చీకిపోదు. ఊరందరి వలలూ బతికాయి. పొన్నలు పోయాయి. నైలాను వలలొచ్చి, ఇక బెరడుతో పని లేదనుకునే సరికి, ఒలవడానికి చెట్టే మిగల్లేదు.

ఈ ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ ఎందుకు మిగిలిందంటే — దానికి నావ కట్టేవారు. నావ కట్టే చెట్టుకు కత్తి పెట్టకూడదు. చర్చికి వెళ్లేవాళ్లయినా, అమ్మవారికి కోడిని కోసేవాళ్లయినా, ఈ పాయ మీద బతికేవాళ్లెవరూ ఆ మాట దాటలేదు. తాత కట్టాడు. నాన్న కట్టాడు. ఇప్పుడు అన్నయ్య ఫ్రాన్సిస్ కడుతున్నాడు. మాను నడుమున తాడు ఒరుసుకున్న చార నున్నగా, లోతుగా ఉంటుంది.

తాడే దాన్ని బతికించింది.

ఆ సంగతి స్టెల్లాకు తెలుసు. యానాంలో బడిపిల్లలకు సైన్సు చెప్పే స్టెల్లాకు ఇంకో సంగతీ తెలుసు. కొన్నేళ్లుగా పాయ గట్టును కొరుకుతోంది. చెట్టు ఊతవేళ్లు సగం గాల్లోనే ఉన్నాయి. వరదలో నావ గుంజిందంటే చెట్టు కూడా నావ వెంటే పోతుంది. పోతే ఈ పాయలో పొన్న అన్నదే ఉండదు.

ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. సాయంత్రానికి నీళ్లు ఎర్రబడ్డాయి.

“అన్నయ్యా, నావ ఇంకెక్కడైనా కట్టు. దీనికొద్దు.”

“ఇంకెక్కడ కట్టనే? రేవులో నావలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని సెక్కలైపోతన్నాయి. తాత కాణ్ణించీ దీనికే కదా కడతన్నాం. మనం కట్టబట్టే బతికిందే నీ సెట్టు!”

ఒక్క ముక్కా అబద్ధం కాదు. అదే స్టెల్లాకు ఒళ్లు మండించింది. అబద్ధమైతే పోట్లాడి గెలవచ్చు.

ఫ్రాన్సిస్ తాడు బిగించాడు. ఆమె చూస్తుండగానే ఇంకో ముడి ఎక్కువ వేశాడు. మొండితనంలో ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే.

తెల్లారి ఆమె వెళ్లేసరికి నీళ్లు మొల దాకా వచ్చాయి.

నావ గుంజింది. చెట్టు వంగింది. మట్టిపెళ్ల ఒకటి జారి నీళ్లలో పడింది.

నావ గుంజింది. చెట్టు వంగింది. ఇంకో పెళ్ల...

కింది కొమ్మల మొలకలు ఎర్రనీటిని తాకి లేస్తున్నాయి. పచ్చగా. ఇంకా పచ్చగా.

ఫ్రాన్సిస్ పరుగున వచ్చి ముడి మీద పడ్డాడు. నానిన తాడు, రాలేదు. మొలలో కత్తి తీశాడు. తాడు మీద పెట్టాడు. చెయ్యి ఆడలేదు. తాడు ఉంచితే రెండూ పోతాయి. కోస్తే నావ ఒక్కటే పోతుంది. అది అతనికీ కనపడుతోంది. కానీ అది నాన్న చేయించిన నావ.

“ఓర్సుకుంటదే...” అన్నాడు. “ఎన్ని వరదలు సూల్లేదిది?”

“ఓర్చుకోలేదు, అన్నయ్యా. ఇలా ఇవ్వు.”

“నా కూడే అది, స్టెల్లా!”

తెలుసు. తెలిసే అతని చేతిలోంచి కత్తి తీసుకుంది. మానుకు తగలకుండా, మూరెడు దూరంలో పెట్టి కోసింది. ఏడుస్తూనే కోసింది.

తాడు తెగింది. చెట్టు ఒక్కసారిగా నిటారుగా లేచింది.

నావ ఒకసారి తిరిగింది... పోయింది. ఫ్రాన్సిస్ గట్టు వెంట పరుగెత్తాడు. మలుపు దాటి కనుమరుగయ్యేదాకా పరుగెత్తాడు. తిరిగి వచ్చేటప్పుడు చెల్లెలి మొహం చూడలేదు.

దిగువన భైరవపాలెం దాకా కబురు పంపారు. నావ జాడ లేదు. వదిన తెరేసా స్టెల్లాను చూసి తలుపేసుకుంది. ఫ్రాన్సిస్ ఎవరి నావ మీదకో కూలికి పోతున్నాడు. కొత్త నావ చేయిస్తానని స్టెల్లా తలుపు బయట నిలబడే చెప్పింది. చేయిస్తుంది కూడా. ఇంటికి నడుస్తూ అనుకుంది — మళ్లీ ఆ రోజే వస్తే? మళ్లీ కోస్తాను.

వరద తీసింది.

స్టెల్లా పాయకు వెళ్లింది. గట్టు ఇంకా తగ్గింది. చెట్టు నీటివైపు ఒరిగి ఉంది. మానుకు మూరెడు తాడు వేలాడుతూ ఉండాలి...

లేదు. ఆ తాడుకు ఇంకో తాడు ముడిపడి ఉంది. అది గట్టు లోపలివైపు సాగి, బిగిసి, కొత్తగా దిగేసిన సరుగుడు మొద్దు దాకా పోయింది. మొద్దు దగ్గర, చేతిలో సమ్మెటతో, ఒళ్లంతా బురదతో, ఫ్రాన్సిస్.

నావ లేదు. నావ కట్టే తాడు ఇప్పుడు చెట్టును పట్టుకుంది.

అతను సమ్మెట పక్కన పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, చెట్టు దగ్గరికి వచ్చాడు. కొమ్మను కిందికి వంచాడు. ఎప్పుడు చూసి నేర్చుకున్నాడో, బొటనవేలితో పట్టీని తడిమాడు.

“ఇంకా పచ్చిదే” అన్నాడు.

కొమ్మను మెల్లగా వదిలాడు. అది లేచి, ఊగి, ఆగింది. ఎగువన మళ్లీ మబ్బు పడుతోంది. ఇద్దరూ బురదలో నిలబడి ఆ మొలకనే చూస్తున్నారు...

పచ్చగానే ఉంది.