కొత్తమ్మాయి తుమ్ములు

ఆ ప్రభుత్వాసుపత్రిలో, వైద్యం తాలూకు ఫైలు కావాలన్నవాళ్ళకి నకలు తీసిచ్చే గది ఒకటుంది. ఇచ్చే ముందు అందులో బయటపడకూడని పేర్లన్నీ నల్ల మార్కరుతో కొట్టెయ్యాలి. ఆ పనికి ఉన్నది ఇద్దరే, సీనియరమ్మ, కొత్తమ్మాయి. దరఖాస్తులు మాత్రం చీమల బారులా వస్తూనే ఉంటాయి.

సీనియరమ్మ పొద్దున్నుంచీ మెడ పడిపోయేలా వంగి గీతలు గీస్తుంది. కొత్తమ్మాయికి దుమ్ము పడదు. కట్ట విప్పగానే తుమ్ముతుంది, కనబడకూడని పేర్లన్నీ కాగితం మీంచి ఎగిరిపోతాయి. ముక్కు తుడుచుకుని ఇంకో కట్ట విప్పుతుంది. పని ఎక్కువైంది, ఇంకో మనిషిని వెయ్యండని సీనియరమ్మ అడిగితే సూపరింటెండెంటు తలెత్తనైనా లేదు.

"ఆ అమ్మాయి బాగానే తుమ్ముతోందిగా, ఇంకెందుకమ్మా?"

సీనియరమ్మకి ఒళ్ళు మండిపోయింది. చాటుగా ముక్కుపొడి పీల్చి చూసింది. తుమ్ములైతే వచ్చాయి గానీ కాగితాలు తడవడం తప్ప ఒరిగిందేమీ లేదు. దేనికైనా పెట్టి పుట్టాలి అనుకుని కుళ్ళుకుంది.

అందుకే చెయ్యి విరిగిన పిల్లాడి ఫైలు వచ్చినప్పుడు కొత్తమ్మాయికి అందనివ్వలేదు. కొట్టింది తండ్రేనని డాక్టరు చెవిన వేసింది, వాళ్ళ ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడ. పిల్లాణ్ణి అమ్మమ్మ తీసుకుపోయింది. తన మీద చెప్పిందెవరో తేల్చుకోవాలని తండ్రి ఇప్పుడు నకలు అడిగాడు.

"ఇలా ఇవ్వండక్కా, నేను చూస్తాను."

"నాకూ ఉన్నాయిలే చేతులు," అంది సీనియరమ్మ. అన్ని ఫైళ్ళతో పాటు దాన్నీ కళ్ళు మూతలు పడుతుండగా ముగించింది.

మర్నాడు తండ్రి కౌంటరు దగ్గరే నిలబడి పేజీలు తిప్పడం మొదలెట్టాడు. "ఎవరో తెలియాలి గానీ, దాని అంతు చూస్తా," అంటున్నాడు. కింది పేజీ అంచు బయటికి జరిగింది. దాని మీద కుట్టే ఆవిడ పేరు, గీత పడకుండా, నిక్షేపంలా ఉంది. సీనియరమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి.

లాక్కుంటే అనుమానపడతాడు. ఇక దిక్కు ఒక్కతే. ఆ పిల్లని పిలవడమంటే గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది, అయినా పిలిచింది.

"ఒక్కసారి ఇలా రావే తల్లీ!" అంటూ అరలోంచి పాత కట్ట లాగి కౌంటరు మీద దబ్బున పడేసింది.

దుమ్ము లేచింది. కొత్తమ్మాయి గదంతా అదిరేలా తుమ్మింది.

"ఏం మనుషులమ్మా!" అని తండ్రి మొహం తుడుచుకున్నాడు. చివరి పేజీ వెనకా ముందూ తిప్పి చూశాడు. ఏమీ దొరక్క కాగితాలు నలిపి, తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

"సారీ అక్కా, ఆగలేదు," అంది కొత్తమ్మాయి.

సీనియరమ్మ కడుపుమంట చల్లారలేదు. తన తప్పుని ఒక్క తుమ్ముతో దిద్దేసిందని ఇంకా భగ్గుమంది.

"చిరంజీవ," అంది పళ్ళు నూరుతూనే.

ఆ సమయానికి కుట్టే ఆవిడ, ఏమీ తెలియక, మిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కాకి కాలరు వేస్తోంది.