చెయ్యెత్తిన చొక్కా

మా మరిది నోటికి తాళం వేసే మొనగాడు ఇంకా పుట్టలేదనుకునేదాన్ని. తొమ్మిదో తరగతి పిల్లలకు రకరకాల ఉద్యోగాల గురించి చెప్పడానికి ఎవరినైనా పిలవమని హెడ్మాస్టరు అడిగితే, డ్రాయింగ్ టీచర్ని నేను, ముందూ వెనకా చూడకుండా అతన్నే పిలిచాను. అతను బ్రాండ్ డిజైనర్. అంటే ఏమిటో మా అత్తగారికి ఈనాటికీ తెలీదు. ఎవరైనా అడిగితే "దుకాణాలకు పౌడరు రాసే పని" అంటుంది.

ఆ రోజు అతను పిల్లల్ని కదలనివ్వలేదు. సబ్బు పెట్టెల మీద, బిస్కెట్ పొట్లాల మీద పేర్లకు కాగితం అంటించి తెచ్చాడు. ఒక్కొక్కటీ పైకెత్తి "ఇదేంటి?" అంటే చాలు, క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. తర్వాత తన కంప్యూటర్లో తను చేసిన గుర్తులు కొన్ని చూపించాడు.

"చూశారా, పేరు చదవకుండానే గుర్తుపట్టారు. అలా గుర్తుండిపోయేలా చెయ్యడమే మా పని. ఇక మీరు చెయ్యండి. ఒక లాండ్రీ వాళ్లు కొత్తగా కొట్లు తెరుస్తున్నారు. వాళ్లకో గుర్తు కావాలి. ఎక్కడా చూసి గియ్యకూడదు. కాగితం మీద పేర్లు రాయకండి. మా ఆఫీసులో బొమ్మ ఎలా ఉందనే చూస్తాం, ఎవరు గీశారని చూడం."

పిల్లలు ఇస్త్రీపెట్టెలూ బక్కెట్లూ నురగలూ గీశారు. వెనక బెంచీలో పిచ్చుక ఉంది. మనిషి పిట్టంత, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టు ఉంటుంది, అందుకే ఆ పేరు. దాని కాగితంలోకి తొంగిచూశాను. తీగ మీద ఒక చొక్కా, ఒక చేతికి మాత్రమే క్లిప్పు.

"ఇదేంటే, రెండో చెయ్యి ఏం పాపం చేసింది?"

"మా ఇంట్లో క్లిప్పులు చాలవు టీచర్. అమ్మ చొక్కాకి ఒకటే పెడుతుంది. చూస్తే ఎవరో చెయ్యెత్తి పిలుస్తున్నట్టుంటుంది." అని నవ్వింది. ఆ పిల్ల పళ్లు చూడటం నాకదే మొదటిసారి.

గంట కొట్టాక తనంతట తనే మా మరిది దగ్గరకు వెళ్లి, "ఇది చదవాలంటే ఏం చెయ్యాలి సార్?" అని అడిగింది. డిజైన్ కాలేజీలున్నాయనీ, ప్రవేశ పరీక్ష ఉంటుందనీ, ఇప్పట్నుంచే రోజూ గియ్యాలనీ చెప్పాడు. మర్నాటి నుంచి మధ్యాహ్నం బెల్లు కొట్టగానే నా గదిలో వాలేది. ఆ పరీక్షకు నేనే నేర్పుతానని మాటిచ్చాను. ఇంట్లో వాళ్ల నాన్నను కూడా ఒప్పించుకుంది.

పిల్లల కాగితాల కట్ట మా మరిదికి నేనే నా చేత్తో ఇచ్చాను, ఆఫీసులో చూపిస్తానంటే.

కొన్నాళ్లకు మా వీధి మలుపులో కొత్త లాండ్రీ తెరిచారు. పాల ప్యాకెట్టు పట్టుకుని వస్తూ తలెత్తితే, నీలం బోర్డు మీద ఒక చొక్కా చెయ్యెత్తి నన్నే పిలుస్తోంది.

ఇంటికొచ్చేసరికి మా మరిది కంచం ముందున్నాడు.

"ఆ చొక్కా ఎవరిదయ్యా?"

కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేశాడు. "కాగితాలన్నీ ఆఫీసులో గోడకి అంటించాను వదినా. మా దగ్గర గోడకెక్కిన బొమ్మ అందరిదీ. బాస్ వచ్చి దాన్నే చూపించి, ఎవరిదన్నాడు."

"అంటే?"

"నాదన్నాను. నోరు జారింది. ఆ తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాను."

"ఇప్పుడు తీసుకో."

"ఉద్యోగం పోతుంది వదినా. నీకు దండం పెడతాను, ఎవరితోనూ అనకు."

నిక్కర్లేసుకునే వయసులో అత్తగారిని ఊళ్లో వదిలి చదువు కోసం మా ఇంటికొచ్చాడు. ఇక్కడ వాడికి వదిననీ నేనే, అమ్మనీ నేనే. ఇల్లన్నాక కొన్ని కడుపులో పెట్టుకోవాలని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరు.

ఆ వారమే పిచ్చుక స్టాఫ్ రూముకొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"తప్పు చేశాను టీచర్. లాండ్రీ బోర్డు చూశాను. అది సారే చేశారట, కొట్టువాళ్లు చెప్పారు. ఆ రోజు సార్ కంప్యూటర్లో చూసుంటాను. చూసిన సంగతి మర్చిపోయి, నాదే అనుకుని గీసేశాను. చూసి గియ్యొద్దని సార్ ముందే చెప్పారు. నన్ను క్షమించమని సార్‌కి చెప్తారా?"

అప్పుడు చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నేనన్న మాట ఇది:

"పర్వాలేదులే. ఇకమీదట జాగ్రత్తగా ఉండు."

"థాంక్స్ టీచర్" అని కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. చెయ్యని దొంగతనానికి ఆ పిల్లను నేను క్షమించాను. అంతకంటే నీచమైన పని నా జన్మలో చెయ్యలేదు.

మర్నాడు మధ్యాహ్నం రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వరండాలో ఆపి అడిగితే, "డిజైన్ వద్దులెండి టీచర్. నాకు సొంతంగా రాదు" అంది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను.

పిల్లలు ముచ్చటపడ్డారని హెడ్మాస్టరు మా మరిదిని మళ్లీ పిలిచారు. గేటు దగ్గరే అతన్ని ఆపాను.

"ఇవాళ నువ్వు చెప్పాలి. చెప్పకపోతే నేను చెప్తాను."

"వదినా, వేళాకోళాలా?" అన్నాడు గానీ నవ్వలేకపోయాడు.

రంగుల గురించి చెప్పాడు, అక్షరాల గురించి చెప్పాడు, అసలు సంగతి చుట్టూ తిరిగి తిరిగి వచ్చాడు. ముందు బెంచీ పిల్లవాడు లేచి, "మీరు చేసినవాటిలో మీకు బాగా నచ్చింది ఏది సార్?" అన్నాడు.

"లాండ్రీ చొక్కా!" అని ఇంకెవరో అరిచారు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. పిచ్చుక కూడా కొట్టింది.

మా మరిది నా వైపు చూశాడు. పెదవి కదిపాడు గానీ మాట రాలేదు. తాళం పడాల్సిన చోటే పడింది.

నేను లేచాను. "ఆ చొక్కా సార్‌ది కాదు. పిచ్చుకది. పేరు లేని కాగితం మీద గీసింది. సార్ తనదని చెప్పుకున్నారు."

చప్పట్లు ఆగిపోయాయి. మా మరిది తల దించుకుని "నిజమే" అన్నాడు, ముందు బెంచీ దాటి వినపడనంత మెల్లగా.

పిచ్చుక మెల్లగా లేచి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. సంతోషిస్తుందేమోనని కూడా ఆశపడ్డాను, సిగ్గులేకుండా. అది మా మరిది వైపు చూడనేలేదు.

"నేను క్షమించమని అడిగిన రోజుకే మీకు తెలుసా టీచర్?"

"తెలుసు."

"మరి నన్నెందుకు క్షమించారు?"

జవాబు కోసం అలాగే నా వైపు చూస్తూ నిలబడింది.