పసుపు తువ్వాలు, నీలం నీడ

పళ్ళ క్లినిక్ ముందుగది గోడ మూడు నెలలుగా బోసిగా ఉంది. మేకు ఉంది, మేకు కింద దుమ్ముతో గీసినట్టు నలుచదరపు గుర్తు ఉంది, బొమ్మ లేదు. ఉన్న బొమ్మను డాక్టరమ్మే దింపించేసింది. సముద్రం, మునిగిపోతున్న సూర్యుడు, ఒంటరి పడవ. చేత్తో వేసిందనీ, లోకంలో ఇలాంటిది ఇంకొకటి లేదనీ చెప్పి ఎవరో అంటగట్టారు. ఒకరోజు దవడ వాచిన పెద్దాయన ఒకడు, నోరు మెదపలేని నొప్పిలోనూ మెదిపి, ఇదే పడవ తను క్షవరం చేయించుకునే కొట్లో కూడా ఉందన్నాడు. పడవ మీది పక్షితో సహా ఉందన్నాడు. గదిలో ఉన్న రోగులందరూ చెంపలు పట్టుకునే నవ్వారు. ఆ బొమ్మ కొన్న పాత కౌంటరావిడ నెలాఖరుకి కనబడలేదు. తనే మానేసిందో, మాన్పించారో ఎవరూ తేల్చి చెప్పలేదు.

ఆ కుర్చీలోకి వచ్చిన మనిషి అమ్మడు. అది అసలు పేరు కాదు. పుట్టింటివాళ్ళు పిలిచిన ముద్దుపేరు అత్తింటికీ, అక్కణ్ణుంచి క్లినిక్‌కీ వెంటబడి వచ్చేసింది. పదో తరగతి మధ్యలో బడి ఆగిపోయిన మనిషి. చదువుకున్నవాళ్ళు ఏదైనా నెమ్మదిగా, నవ్వుతూ వివరిస్తున్నారంటే అందులో ఏదో మతలబు ఉందనే ఆమె లెక్క. గ్యాసు కట్టేసి రెండుసార్లు చూస్తుంది. తాళం వేసి రెండుసార్లు లాగుతుంది. మూడేళ్ళ కూతురు చిట్టి నుదుటి మీద చెయ్యి కూడా రెండుసార్లు పెడుతుంది. మొగుడు ఆమెకి ‘రెండోసారి’ అని బిరుదిచ్చాడు.

బొమ్మ ఎంచుకునే పని డాక్టరమ్మ ఆమె నెత్తిన పెట్టింది. అది చిన్నదైనా సరే, చేత్తో వేసిందై ఉండాలట. ధర క్లినిక్ భరించేలా ఉండాలట. పళ్ళు కనిపించే బొమ్మ వద్దు, నవ్వే మొహాలు అసలే వద్దు, పంటినొప్పితో కూర్చున్నవాడికి ఒళ్ళు మండుతుందట. చివర్లో కళ్ళద్దాలు తుడుచుకుంటూ, “ఈసారి కూడా మోసపోతే మాత్రం నేను ఊరుకోను అమ్మడూ,” అంది.

ఆ మాటకి అమ్మడు వెనకగది వైపు చూసింది. ఉద్యోగం ఒక్కటే అయితే ఇంకోటి వెతుక్కోవచ్చు. కానీ చిట్టి బడి మధ్యాహ్నం పన్నెండింటికే వదిలేస్తారు. ఆ తర్వాత పాప క్లినిక్ వెనకగదిలో, ఫైళ్ళ అలమరా పక్కన పరిచిన చాప మీద ఆడుకుంటుంది, నిద్రపోతుంది. డాక్టరమ్మ దయతో ఒప్పుకున్న ఏర్పాటు అది. కౌంటరు పనికి ఇంకెక్కడికెళ్ళినా చేరేది ఆమె ఒక్కతే, చాప కాదు. ఆ చాప లేచిపోతే ఆమె ఇంట్లో కూర్చోవలసిందే.

బొమ్మలావిడ సంగతి స్టేషనరీ కొట్టు అద్దానికి అంటించిన కాగితం మీద దొరికింది. చేత్తో వేసిన బొమ్మలు, ఇళ్ళకీ ఆఫీసులకీ, అందరూ కొనగలిగే ధరల్లో, అని రాసి ఉంది. అందరూ కొనగలిగేవి ఇంకా అమ్ముడుపోకుండా ఎందుకున్నాయో అని అక్కడే మొదటి అనుమానం వచ్చింది. అయినా సెలవురోజు పొద్దున్నే చిట్టిని చంకనేసుకుని వెళ్ళింది.

దర్జీ కొట్టు మీద రెండో అంతస్తు. తలుపు తట్టకముందే తెరుచుకుంది. కిటికీలోంచి చూశానని బొమ్మలావిడ చెప్పింది గానీ, కాపు కాసినట్టే అనిపించింది. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, ఇస్త్రీ చేసిన చొక్కా. రంగుల పని చేసే మనిషి గోళ్ళు అంత శుభ్రంగా ఎలా ఉన్నాయో అమ్మడికి అంతు పట్టలేదు. తన గోళ్ళలో అయితే పాప రంగు పెన్సిళ్ళ పొడి ఎప్పుడూ ఉంటుంది.

గదిలో బొమ్మలు గోడకి ఆనించి, మొహాలు అటు తిప్పి పెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటే తిప్పి చూపిస్తూ బొమ్మలావిడ ప్రశ్నలు వేసింది. గోడకి వెలుతురు ఎటునుంచి వస్తుంది, కుర్చీలు గోడకి ఎంత దూరం, కూర్చున్నవాళ్ళ కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయి. దొంగ ఇంటి చుట్టూ తిరిగి ఆరా తీసినట్టుందని అమ్మడు అన్నింటికీ పొడి పొడిగా జవాబిచ్చింది.

చిట్టి మాత్రం ఒక బొమ్మ ముందు కూలబడి కదలలేదు. తాడు మీద ఆరేసిన పసుపుపచ్చ తువ్వాలు. కింద గచ్చు మీద దాని నీడ, నీలంగా. పక్కన ఒక బకెట్, కాస్త ఒరిగి. అంతే. అమ్మడికి కూడా ఎందుకో కళ్ళు దాని మీదే నిలిచాయి. నీడ నల్లగా కదా ఉండాలి, ఈ నీలం ఏమిటి అనుకుంటూనే మళ్ళీ మళ్ళీ చూసింది.

అప్పుడు గమనించింది, అదే తువ్వాలు, అదే బకెట్ ఇంకో రెండు బొమ్మల్లో ఉన్నాయి. పడవ, పక్షి గుర్తొచ్చాయి. ఒక మనిషి ఒకే తువ్వాలుని మూడుసార్లు ఎందుకు వేస్తుందని అడిగేసింది. మొదటిదాంట్లో తువ్వాలు తడిగా రాలేదనీ, రెండోదాంట్లో నీడ కుదరలేదనీ, మూడోదాంతో మనసు నిమ్మళించిందనీ బొమ్మలావిడ చెప్పింది. కథ బాగానే అల్లింది అనుకుంది అమ్మడు.

ధర వింటే అనుమానం ఇంకా ముదిరింది. మరీ తక్కువ. పైగా బయానా కూడా వద్దట. వారం రోజులు గోడకి పెట్టుకుని చూసి, నచ్చితేనే డబ్బివ్వమంది. గోడ మీద వారం తర్వాత కూడా కళ్ళు వెళ్ళే బొమ్మే మనదట, మొదటిరోజు మురిపించేవన్నీ మనవి కావట. డబ్బు తీసుకోకుండా వస్తువు చేతిలో పెట్టే మనిషిని అమ్మడు అంతవరకూ చూడలేదు. బొమ్మలావిడ మాత్రం ఆమె పేరు, క్లినిక్ చిరునామా, ఫోన్ నంబరు ఒక పుస్తకంలో రాయించుకుని సంతకం పెట్టించుకుంది. బొమ్మ వెనక పెన్సిల్‌తో ఏదో గీసి, పాత వార్తాపత్రికలో చుట్టి ఇచ్చింది.

బొమ్మ మేకుకి ఎక్కింది. మొదటి మూడు రోజులూ రోగులు దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఒక ముసలామె, ఎవరో తువ్వాలు మరిచిపోయారు పాపం, అని కూడా అంది. అమ్మడు మాత్రం దాన్ని చూసినప్పుడల్లా మోసం ఎక్కడుందా అని చూసింది. ఫోనులో వదినగారిని, అంటే మొగుడి అక్కని, సలహా అడిగింది. ఈ రోజుల్లో యంత్రాలు కుంచె గీతలు కూడా ఉబ్బెత్తుగా అచ్చేస్తున్నాయనీ, నీలాంటి అమాయకురాలి చెవిలో పూలు పెట్టడం ఎంతసేపనీ వదినగారు అరగంట చెప్పింది. ఆవిడ ఒక్క బొమ్మైనా కొన్న పాపాన పోలేదన్న సంగతి అమ్మడికి ఫోను పెట్టేశాక గాని గుర్తు రాలేదు.

నాలుగోరోజు పళ్ళమేస్త్రి వచ్చాడు. కట్టుడు పళ్ళు చేసేవాడు, రోజు విడిచి రోజు వచ్చి అచ్చులు పట్టుకెళతాడు. నకిలీ అంటే అతనికి తెలిసినంత ఎవరికి తెలుసని అమ్మడు అతన్నే అడిగింది. అతను బొమ్మ ముందు నిలబడి, ఒక కన్ను మూసి, పెదవి విరిచాడు.

“చెల్లెమ్మా, నేను పళ్ళు కట్టేటప్పుడు కావాలనే ఒకటి వంకరగా పెడతా. చిన్న మరక కూడా వేస్తా. అన్నీ తిన్నగా తెల్లగా ఉంటే ఇట్టే పట్టేస్తారు. ఈ బకెట్ చూడు, ఎంత ముద్దుగా ఒరిగిందో.”

“అయితే ఇది అచ్చేనంటావా అన్నయ్యా?”

“అనను. చూస్తే తేలదు. స్పిరిట్‌తో తేలుతుంది. రంగే అయితే స్పిరిట్ తగిలితే కరుగుతుంది, అచ్చేసి పైన మెరుపు పూసిందైతే ఉలకదు. ఎదురుగా కాదు సుమా. పక్కన చట్రం మీదికి గుడ్డ మడిచారే, ఆ మడతలో, ఒక్కసారి అద్ది చూడు.”

మధ్యాహ్నం డాక్టరమ్మ భోజనానికి వెళ్ళింది. అమ్మడు తలుపు గడియ పెట్టి, బొమ్మ దింపి, దూదిని స్పిరిట్‌లో ముంచి పక్క మడతలో అద్దింది. దూదికి లేత నీలం అంటింది. అంటినట్టే ఉంది. కానీ అది దుమ్ము కాదని ఏమిటి నమ్మకం? కొత్త దూది తీసింది. ఈసారి ఎదురుగా, నీడ అంచు దగ్గర, పాప ముక్కు తుడిచినట్టు గట్టిగా రుద్దింది.

దూది నీలమైపోయింది. చిక్కటి, తడి నీలం. అమ్మడికి ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. నిజం బొమ్మ. తనని ఎవరూ మోసం చేయలేదు. ఆ దూదిని దీపంలా పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడింది.

వెనకగదిలోంచి వచ్చిన చిట్టి బొమ్మని చూసి, “అమ్మా, నీళ్ళకి చిల్లు పడింది,” అంది.

నీడలో బొటనవేలంత మేర గుడ్డ తెల్లగా బయటపడి ఉంది.

సాయంత్రం దాకా అమ్మడు తలపోటని చెప్పి తల ఎత్తలేదు. బొమ్మ శుభ్రం చేస్తానని వెనకగదిలో దాచింది. రాకరాక వచ్చిన ఉపాయం ఒకటే. నచ్చలేదని చెప్పి, అదే వార్తాపత్రికలో చుట్టి తిరిగిచ్చేయడం. ఆవిడ విప్పి చూసేలోగా మెట్లు దిగిపోవడం. ఇన్నాళ్ళూ అందరిలో వెతికిన మోసం తన సంచిలోనే నడిచి వెళుతోందని దారిలో అనిపించింది గానీ, చాప గుర్తొచ్చి అడుగులు ఆగలేదు.

మెట్లు దిగే అవకాశం రాలేదు. బొమ్మలావిడ తలుపు మూసి, కాగితం విప్పి, ముందు వెనకవైపు తిప్పింది. తను గీసిన పెన్సిల్ గుర్తుని కిటికీ వెలుతురులో పట్టి చూసింది. తర్వాత బొటనవేలు తడి చేసుకుని, పక్క మడతలో రుద్ది, వేలు చూసుకుంది. తను దూది అద్దిన చోటే రుద్దిన ఆ వేలిని అమ్మడు వంగి చూసింది. బొమ్మలావిడ కాస్త సిగ్గుపడి, పోయినేడాది ఒకాయన వారం పాటు ఉంచుకుని, అచ్చు తీయించి, అచ్చుని తిరిగిచ్చి అసలుది ఉంచేసుకున్నాడని చెప్పింది. అప్పట్నుంచి ఎవరినీ నమ్మడం లేదట. పిల్లతో వచ్చినవాళ్ళని ఇంకా నమ్మడం లేదట, ఆయన కూడా పిల్లతోనే వచ్చాడట.

అప్పుడు బొమ్మ ఎదురువైపు తిప్పింది.

తెల్లటి చిల్లు మీద ఆవిడ వేలు ఆగింది. అమ్మడి నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. పాప చేసింది. మూడేళ్ళ పిల్లని ఎవరూ ఏమీ అనరు. చిట్టి ఆమె చీరకుచ్చిళ్ళు పట్టుకుని, తల ఎత్తి ఆమె వైపే చూస్తోంది.

“నేనే,” అంది అమ్మడు. “స్పిరిట్ పెట్టి రుద్దాను. అచ్చేమో అని.”

“ఎన్నిసార్లు?”

“రెండుసార్లు.”

“మొదటిసారికి తెలియలేదా?”

“తెలిసింది. నమ్మకం కుదరలేదు.”

బొమ్మలావిడ బొమ్మని బల్ల మీద పెట్టింది. తర్వాత రంగు గొట్టాలు తీసింది. ఆ రోజు నీలం ఈ రోజు రాదని గొణుక్కుంటూ కలిపింది, తుడిచింది, మళ్ళీ కలిపింది. చిల్లు మూసుకుంది. తెలిసినవాళ్ళకి మాత్రం మచ్చ కనిపిస్తుంది, పాత గోడకి కొత్త సున్నం వేసినట్టు. ధర తగ్గించనంది. అమ్మడు తగ్గించమని అడగలేదు. డాక్టరమ్మ వద్దంటే తన జీతంలో కోయించుకుంటానని మాత్రం అంది. బొమ్మలావిడ ఆ మాట కూడా పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకుంది.

మర్నాడు క్లినిక్ తెరవగానే అమ్మడు జరిగిందంతా డాక్టరమ్మకి చెప్పేసింది. చెప్పడం చేతకానిచోట కాగితంలో దాచిన నీలం దూది తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ దూదిని చూసి, నోళ్ళలోకి చూసే చిన్న దీపం తెచ్చి మచ్చ మీద వేసింది. పుచ్చిపన్ను చూసినంత సేపు చూసింది.

“ఇలాంటిది ఇంకెక్కడా ఉండదు కదా?”

అవునని చెప్పేస్తే పోయేది. “తువ్వాళ్ళు ఇంకో రెండున్నాయండీ,” అంది అమ్మడు. “ఈ మచ్చ ఒక్కటే దీనికి ఉంది.”

డాక్టరమ్మ దీపం ఆర్పింది. డబ్బు పంపించమంది. దూది పారెయ్యమంది. ఇంకేమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం ఏమిటో తేలక అమ్మడు మధ్యాహ్నం దాకా నలిగిపోయింది. పన్నెండున్నరకి చిట్టిని తీసుకుని తిరిగొచ్చేసరికి స్పిరిట్ సీసాలన్నీ ఇనుప బీరువాలోకి వెళ్ళిపోయి, తాళంచెవి డాక్టరమ్మ మెడలో వేలాడుతోంది. అమ్మడు గబగబా వెనకగదిలోకి వెళ్ళింది. చాప ఉన్నచోటే ఉంది. కౌంటరు దగ్గరికొచ్చి కూర్చుని, మళ్ళీ లేచి వెళ్ళి చూసింది. ఉంది.

ఆ సాయంత్రం దవడ వాపు తగ్గిన పెద్దాయన వచ్చాడు. పడవ పోయిందే, తువ్వాలు వచ్చిందే, ఇది నిజంగా చేత్తో వేసిందేనా అంటూ, నీడ వైపు వేలు చాచాడు.

“చేత్తో వేసిందేనండీ. దూరం నుంచి చూడండి,” అంది అమ్మడు, ఆయన వేలు జేబులోకి వెళ్ళేదాకా దాని మీంచి కళ్ళు తీయకుండా.