గోటితో తుంచిన మొగ్గ

కిటికీ గట్టు మీది కుండీలో నిన్న సాయంత్రం దాకా ఉన్న మొగ్గలు ఈ ఉదయం లేవు. ఎండాకుల మేడం కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసింది. గాలికి రాలినవి కావు. పురుగు కొట్టినవీ కావు. ప్రతి కాడ చివరా నెలవంక ఆకారంలో ఒక గాటు, ఆ గాటు మీద నల్లబడి ఇంకా ఆరని పాలు. కత్తెర పడితే కాడ అడ్డంగా తెగుతుంది. ఇది గోరు చేసిన పని. తొందరపడుతున్న చేతి గోరు.

ఆమె కోపం అలా పొంగి ఇలా చల్లారే రకం కాదు. అది మంచుగడ్డలా పేరుకుంటుంది, ఎవరో ఒకరు దాని మీద కాలు వేసి జారిపడేదాకా కదలదు.

'ఎండాకుల మేడం' అన్నది ఆ ఔషధ మొక్కల పరిశోధన సంస్థలో కుర్రకారు పెట్టిన పేరు. ఎండబెట్టి, నొక్కి, అట్టలకు కుట్టిన మొక్కల నమూనాల మధ్యనే ఆమె ఉద్యోగమంతా గడిచింది గనుక పేరు అతికినట్టే ఉంది. ఆమె అభ్యంతరం చెప్పలేదు. మొక్కకు పేరు పెట్టడం చేతకానివాళ్లు మనిషికి పేరు పెట్టి సంతోషపడితే పడనీ అనుకుంది.

ఈ మధ్యాహ్నం కమిటీ కూర్చుంటుంది. చేదుతీగ ఆకు నుంచి తీసిన దగ్గుమందును పిల్లల మీద పరీక్షించడానికి అనుమతి ఇస్తుంది. చేదుతీగ తాతల కాలం నుంచి వాడుకలో ఉన్న మొక్క కాబట్టి పెద్దవాళ్ల మీద పరీక్షించే మెట్టు దాటేయవచ్చని ఎవరో మేధావి తేల్చాడు. అందరి సంతకాలూ పడ్డాయి. మిగిలింది ఒక్కటే. 'మనం మందు తీసిన మొక్క చేదుతీగే' అని వృక్షశాస్త్రజ్ఞురాలు ధ్రువీకరించాలి. ఆ వృక్షశాస్త్రజ్ఞురాలు ఆమె.

చేదుతీగకు ఒక నకలు ఉంది. దాన్ని పిచ్చిచేదు అంటారు. అదే ఆకు, అదే నూగు, అదే చేదు. పువ్వు విప్పి చూస్తే తప్ప తేడా తెలియదు. చేదుతీగ పువ్వులో కేసరాలు దేనికది విడిగా నిలబడతాయి, అండాశయానికి రెండు గదులుంటాయి. పిచ్చిచేదులో కేసరాలు ఒకదానికొకటి అతుక్కుని గొట్టమైపోతాయి, గదులు మూడు. మొదటిది దగ్గు తగ్గిస్తుంది. రెండోది కాలేయాన్ని చప్పుడు లేకుండా తినేస్తుంది. ఆకలితో ఉన్న మేక కూడా దాని దగ్గర మూతి తిప్పుకుని పోతుంది.

మరి పువ్వు చూస్తే సరిపోదా అంటే, చూడనిచ్చిందెవరు? పూత మొదలైతే ఆకులో మందు పలచబడుతుందని, గ్రీన్‌హౌస్‌లో మొగ్గ కనబడగానే కత్తిరించాలని రసాయన విభాగం నియమం పెట్టింది. కొమ్మ నుంచి కొమ్మ నాటుతూ ఆ తీగను ఏళ్ల తరబడి పెంచారు. దాని జన్యువులను అక్షరం అక్షరం చదివారు. దాని పువ్వు మొహం మాత్రం ఒక్కరూ చూడలేదు. చుట్టం వంశవృక్షమంతా వల్లెవేసి, గుమ్మంలోకి వచ్చినవాడు ఆ చుట్టమేనా కాదా అని తలెత్తి చూడనట్టు. అందుకే ఆమె గ్రీన్‌హౌస్ వెనక పారేసిన కత్తిరింపుల్లోంచి ఒక కొమ్మ తెచ్చి, తన గది కిటికీలో నాటి, పూత కోసం కాచుకుంది. ఈ ఉదయమే విచ్చుకోవలసింది.

నీళ్ల డబ్బాతో వచ్చిన తోటమాలి గాటు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నా పని కాదమ్మా. కత్తెర లేకుండా నేను నా మీసం కూడా ముట్టుకోను."

"తెలుసు. మీ మీసం చూస్తే కత్తెర ఉన్నా ముట్టుకోరని తెలుస్తూనే ఉంది."

"మరెవరమ్మా? మీ గదికి తాళం వేసే ఉందిగా!"

తాళంచెవులు రెండు. ఒకటి ఆమె సంచిలో ఉంది. రెండోది చెల్లెలి కూతురి దగ్గర ఉంది.

చెల్లెలి కూతురు రసాయన విభాగంలో పరిశోధకురాలు. చేదుతీగ జన్యువుల్లో అంతకుముందు ఎవరికీ కనబడని ఒక గుంపును కనిపెట్టిందని ఆ పిల్లకు పేరొచ్చింది. ఇంట్లో 'పెద్దమ్మా' అంటుంది, ఆఫీసులో 'మేడం' అంటుంది. ఆకుల పేర్లు నేర్చుకున్నది మాత్రం ఈ పెద్దమ్మ ఒళ్లోనే.

ల్యాబులో ఆ పిల్ల తల వంచుకుని ఏదో గాజుగొట్టం కడుగుతోంది. అది అప్పటికే తళతళలాడుతోంది.

"గ్లోవ్స్ తియ్యి."

"ఏంటి మేడం?"

"మేడం కాదు, పెద్దమ్మని అడుగుతున్నాను. తియ్యి."

కుడి బొటనవేలి గోటి కింద నల్లటి చార. ఆ తీగ పాలు గాలి తగలగానే నల్లబడతాయి, సబ్బుకు లొంగవు.

"ఎంతసేపు రుద్దావు?"

"చాలాసేపు."

"పోదే. నువ్వు గౌన్లు వేసుకునే రోజుల్లోనే చెప్పాను పోదని. చెప్పిందంతా మరిచిపోయి, నా గది తాళంచెవి నీ దగ్గరుందని ఒక్కటి గుర్తుపెట్టుకున్నావు."

ఆ పిల్ల గాజుగొట్టాన్ని ఠక్కున బల్ల మీద పెట్టింది. "అవును, తుంచాను. ఏం చెయ్యమంటావ్? మధ్యాహ్నమే మీటింగు. అందరూ సంతకం పెట్టారు, నువ్వొక్కదానివే పువ్వు, పువ్వు అని కూర్చున్నావ్. నా చదువంతా, నా ఉద్యోగమంతా ఈ మొక్క మీదుంది. డీఎన్ఏ సరిపోయింది పెద్దమ్మా! వందకి తొంభైతొమ్మిది!"

"దేనితో సరిపోయింది?"

"డేటాబేసులో ఉన్న చేదుతీగతో."

"దాన్ని అక్కడ పెట్టిందెవరు?"

"మా ల్యాబే."

"ఏ మొక్క నుంచి తీసి పెట్టారు?"

"మా గ్రీన్‌హౌస్ మొక్క నుంచే."

"బాగుంది. అద్దంలో మొహం చూసుకుని, నాకో కవల ఉందని ఊరంతా చాటింపు వేయించారన్నమాట. మరి ఆకురసం పరీక్షించిన నీ గ్రాఫులో మందు గీత పక్కన ముల్లులా లేచిన ఆ చిన్న గీత ఏమిటి?"

"అది మలినం. శుద్ధి చేస్తే పోతుంది."

"పోయిందా?"

ఆ పిల్ల గాజుగొట్టాన్ని బల్ల మీద అటూ ఇటూ దొర్లించింది.

"పోయిందా అని అడుగుతున్నాను."

"తగ్గింది."

"నీ కొత్త జన్యువులు ఇంకే చేదుతీగలోనూ ఎందుకు లేవని ఒక్కనాడైనా అనుమానం రాలేదా? పక్కింటి తలుపు తోసుకుని వెళ్లి, మా ఇంట్లో కొత్త గది దొరికిందోచ్ అని కేకలు పెట్టావు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ గదిలో ఏముందో పసిపిల్లలు తాగి చెప్పాలా?"

చెల్లెలి కూతురు పెదవి కొరుక్కుంది. తర్వాత మొండిగా తలెత్తింది. "నువ్వు అనుకుంటున్నావంతే, రుజువు లేదుగా! మళ్లీ పూత రావాలంటే నెలలు పడుతుంది. నీకు పువ్వు లేదిప్పుడు."

ఎండాకుల మేడం ఆ పిల్లను తేరిపార చూసింది. మొగ్గంటే కత్తిరించి పారేసేదనే తప్ప అందులో ఏముంటుందో ఎన్నడూ అడగని చదువు అలాగే మాట్లాడుతుంది.

"ఎక్కడ పారేశావు?"

ఆ పిల్ల కళ్లు తనకు తెలియకుండానే మూలనున్న పసుపు సంచి మీదికి వెళ్లాయి. ల్యాబులో మొక్క ముక్క ఏదైనా ఆ సంచిలోనే పడాలి, అక్కడి నుంచి కాల్చడానికి పోవాలి. దొంగతనంగా పెద్దమ్మ గదిలో దూరి, మొక్కను గిల్లి, తెచ్చి నియమం ప్రకారం సంచిలో వేసింది. తప్పు చేస్తూ కూడా క్రమశిక్షణ తప్పని పిల్ల. వీళ్ల చదువంతా ఇంతేనని ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"సంచి పట్టుకుని నాతో రా."

గదిలో ఆమె టీ కోసం కాచే కెటిల్‌లోని వేడినీళ్లను గాజుపళ్లెంలో పోసి, వాడిన మొగ్గలను అందులో వేసింది. అవి మెత్తబడేదాకా ఆగింది. తర్వాత ఒకదాన్ని భూతద్దం కింద పెట్టి, సూదితో రేకులు ఒక్కొక్కటే విప్పింది.

"మొగ్గలో పువ్వంతా ఉంటుంది. ప్రయాణానికి మడతపెట్టి సర్దిన పెట్టె అది. విప్పడానికి ఓపిక ఉండాలి. చూడు. ఏం కనబడుతోంది?"

ఆ పిల్ల భూతద్దానికి కన్ను ఆనించింది. చాలాసేపు తియ్యలేదు.

"గొట్టం," అంది చివరికి.

అండాశయాన్ని బ్లేడుతో అడ్డంగా కోసి మళ్లీ చూపించింది.

"గదులెన్ని?"

"మూడు." ఆ పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. పెద్దమ్మ ఓదార్చలేదు. జేబురుమాలు కూడా ఇవ్వలేదు.

తలుపు తట్టకుండానే డైరెక్టర్ లోపలికొచ్చాడు. ఒకప్పుడు ఈ గదిలోనే ఆమె దగ్గర పాఠం విన్న మనిషి.

"మేడం! అందరూ వచ్చేస్తున్నారు. సంతకం ఒక్కటి గీకేస్తే అయిపోతుంది."

"గీకడానికి నాకు దురద లేదు డైరెక్టర్ గారూ. ఇది చేదుతీగ కాదు, పిచ్చిచేదు. వచ్చి చూడండి."

ఆయన వంగి చూశాడు. పాఠం మరిచిపోలేదని బిగుసుకున్న ఆయన మెడ నరాలే చెప్పాయి. నిటారుగా నిలబడ్డాక మాత్రం నవ్వాడు.

"మొగ్గ బాగానే ఉంది మేడం. ఇది మన తీగదే అని ఎలా చెప్పగలం? మీ కుండీలో మొగ్గలే లేవు. మీ దగ్గర అల్మరాల్లో లక్ష మొక్కలున్నాయి. పొరపాటున ఏదో ఒకటి కలిసి ఉండొచ్చు. కమిటీ అడిగితే ఏం చెప్తారు? అన్నట్టు ఈ గది సంగతి కూడా ఇవాళే చర్చకొస్తోంది. కొత్త యంత్రానికి చోటు చాలట్లేదు."

"యంత్రానికి చోటివ్వండి. దాని నోట్లో ఏ మొక్క పెడుతున్నారో చెప్పేవాళ్లకి ఒక కుర్చీ మిగల్చండి."

మాట చురుగ్గానే తగిలింది. కానీ ఆయన అడిగినదానికి అది జవాబు కాదని ఆమెకు తెలుసు. ఆ మొగ్గ ఏ కాడదో చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారు. ఆమె చెల్లెలి కూతురి వైపు తిరగలేదు. బతిమాలలేదు. బ్లేడు తుడిచి పెట్టెలో పెట్టింది, అంతే.

"సార్."

ఇద్దరూ చూశారు. ఆ పిల్ల కుడిచెయ్యి ముందుకు చాపి నిలబడింది, బడిలో గోళ్లు చూపించే పిల్లలా.

"ఈ మొగ్గలు ఆ కుండీలోవే. పొద్దున నేనే తుంచాను. ఆ కొమ్మ మన గ్రీన్‌హౌస్‌దే. నమ్మకపోతే ఆ మొగ్గకీ డీఎన్ఏ తీయించండి, మన తీగతో సరిపోతుంది."

"ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా? నీ పేపరు..."

"తెలుసు సార్. మలినం అన్నాను కదా, అది మలినం కాదు. కమిటీలో నేనే చెప్తాను. మీరు చెప్పొద్దన్నా చెప్తాను."

డైరెక్టర్ ఆ నల్లటి గోటినీ, పళ్లెంలోని మొగ్గలనూ మార్చి మార్చి చూశాడు. మీటింగ్ ఉండదని చెప్పడానికి ఫోన్ తీస్తూ బయటికి నడిచాడు. తలుపు మాత్రం గోడ అదిరేలా మూశాడు.

ఎండాకుల మేడం ఒక కొత్త అట్ట తీసింది. కోయని మొగ్గలను కాగితాల మధ్య నొక్కిపెట్టి, అట్ట మూలన చీటీ అంటించి మొక్క పేరు రాసింది: పిచ్చిచేదు. పెరిగిన చోటు రాసింది. 'సేకరించినవారు' అన్న దగ్గర ఆగి, కలం చెల్లెలి కూతురి ముందుకు తోసింది.

"నేనా?"

"మొక్కను కోసిన చెయ్యి ఎవరిదో వాళ్ల పేరే ఉండాలి. ఈ గదిలో అదే నియమం. నీకు నియమాలంటే ప్రాణం కదా!"

"పెద్దమ్మా, నన్ను క్షమించు..."

"అది తర్వాత చూద్దాం. ఇంకా కోపంగానే ఉన్నాను." ఆమె గొంతు అణువంతైనా మెత్తబడలేదు. "అక్షరాలు విడివిడిగా రాయి. తర్వాతివాళ్లు చదవాలి."