నీళ్ళు తాగే పడవ

దూదాయన పడవ కింద వెల్లకిలా పడుకుని పలకల సందుల మీద బొటనవేలు పోనిస్తున్నాడు. పడవను నీళ్ళలోకి దించే రోజు పొద్దున్నే చేసే పని అది. ముక్కు దగ్గర మొదలుపెట్టి చుక్కాని దాకా వెళ్ళడం, ఒక సందు అయ్యాక దాని కింద సందు పట్టుకోవడం. కళ్ళు మూసుకునే చేస్తాడు. కళ్ళు కొత్త రంగు చూసి మోసపోతాయనీ, వేలికి ఆ బలహీనత లేదనీ ఆయన నమ్మకం.

ప్రతి సందులోనూ వేలు పిసరంత లోపలికి దిగుతోంది. అలాగే దిగాలి. నెలల తరబడి షెడ్డులో నిలబడిన చెక్క పడవ ఎండిపోతుంది. పలకలు కుంచించుకుపోయి సందులు నోళ్ళు తెరుస్తాయి. వాటిలో దూది పేని కూరి, పైన లప్పం పెట్టి, ఆ లప్పాన్ని చెక్క అంచుకన్నా కాస్త పల్లంగా వదిలేయాలి. నీళ్ళలో పడ్డాక చెక్క ఉబ్బి ఆ పల్లాన్ని తనే పూడ్చుకుంటుంది.

అన్నిటికన్నా అడుగున, పడవకి వెన్నెముకలాంటి పొడుగాటి దూలాన్ని ఆనుకుని ఉన్న సందు దగ్గర వేలు దిగలేదు. అద్దం మీద జారినట్టు జారిపోయింది. గోరుతో నొక్కాడు. గోరే వంగింది. దూలానికి అవతలి పక్క సందు కూడా తడిమి చూశాడు. అదీ అంతే.

'ఎంత నున్నగా చేశాడు వెధవ!' అనుకున్నాడు దూదాయన, మెచ్చుకోలుగానే. ఆ తరవాత గుండెల్లో రాయి పడింది.

ఆ వెధవ ఆయన బావమరిది, భార్యకి తమ్ముడు. షెడ్డులో తాళ్ళూ తెరచాపలూ కప్పీలూ అతని రాజ్యం. ఎడమ చెయ్యి లాగేస్తోందని దూదాయన కిందటి వారం నాలుగు రోజులు ఇంట్లో పడుకుంటే, "నువ్వు లేవకు బావా, మిగిలింది నేను లాగించేస్తా" అని ఆ రెండు సందులూ తనే నింపేశాడు. ప్రేమతో నింపాడు. ప్రేమ ఎక్కువై, పట్టినంత దూది దట్టించి, అంచుల దాకా లప్పం మెత్తి, గరుకు కాయితంతో రుద్ది, రంగు వేసి మెరిపించాడు. చూసినవాళ్ళకి ముద్దొస్తుంది. కానీ నీళ్ళలో పడగానే ఆ పలకలు ఉబ్బడానికి చోటు దొరకదు. తోసుకుని తోసుకుని మేకులతో సహా ఊడివస్తాయి.

ఈ పడవకి అలాంటి ముచ్చటలు తట్టుకునే దశ దాటిపోయింది. పోయినసారి దించినప్పుడు ఒక పలక పుచ్చి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. పంపు కొట్టి కొట్టి షెడ్డు ఓనరు చేతులు బొబ్బలెక్కాయి. చెక్క పడవలంటే ఆయనకి అసలే విసుగు. చుట్టూ నిలబడ్డవన్నీ ఫైబరు పడవలు, వాటికి సందులే ఉండవు. పుచ్చిన పలకను దూదాయన మార్చేశాడన్నా ఆయన వినలేదు. "ఈసారి కూడా కారితే మళ్ళీ నిలబెట్టను. కోయించేస్తాను. చెక్కలు మీరే పట్టుకెళ్ళండి" అని పడవ సొంతదారైన నర్సమ్మ మొహం మీదే చెప్పాడు. ఆవిడ జీవితమంతా ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. ఒంటరిగా ఆ పడవలో తీరం వెంట తిరిగి వస్తూ ఉంటుంది. కాసేపు పడవ వంక చూసి, "సరే" అంది. ఆ మాట అన్నప్పుడు దూదాయన పక్కనే ఉన్నాడు. ఆ మాటని ఆయన మరిచిపోలేదు.

మధ్యాహ్నం పోటుకి నీళ్ళు షెడ్డు ముందున్న ఏటవాలు గట్టు పైదాకా వస్తాయి. అప్పుడే దించాలి. మళ్ళీ అంత పోటు వచ్చే వేళకి ఈ చోటు ఇంకో పడవకి ఇచ్చేశాడు ఓనరు.

పైన తెరచాప స్తంభానికి తాళ్ళు బిగిస్తూ బావమరిది ఈల వేస్తున్నాడు.

"ఒరేయ్, కిందికి రా."

"ఏం బావా, నిద్ర ముంచుకొస్తోందా? దిండు తేనా?"

"రారా ముందు."

అతను దిగి, పాకుతూ వచ్చి పక్కన పడుకున్నాడు. దూదాయన అతని వేలు పట్టుకుని పై సందు మీద పోనిచ్చాడు. తరవాత అడుగు సందు మీద పోనిచ్చాడు.

"చూశావా? నాదే నున్నగా ఉంది" అన్నాడు బావమరిది సంబరంగా.

"అందుకే పిలిచాను."

సంగతి బుర్రకెక్కేసరికి అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "అంటే, నేను దీన్ని చంపేశానా బావా?"

"ఇంకా లేదు. కొక్కెం పట్టుకురా."

"ఓనరుకి తెలిస్తే?"

"మనం చెప్తే కదా తెలిసేది. పెళ్ళాం తమ్ముణ్ణి అప్పగించి ఇంటికెళ్తే నాకు అన్నం ఎవరు పెడతార్రా?"

పాత ఆకురాయి కొసను కాల్చి వంచి చేసుకున్న కొక్కెం అది. దూదాయన దాన్ని సందులో గుచ్చి తన వైపు లాగాడు. గట్టిపడిన లప్పం పెంకులు పెంకులుగా రాలి ఆయన గడ్డం మీద పడింది. దాని వెనక బిగదన్నిన దూది తాడులా బయటికి వచ్చింది. కొంత దూరం లాగాక చెయ్యి భుజం దాకా మండింది. కొక్కెం బావమరిదికిచ్చి, ఊపిరి పీల్చుకుంటూ పడుకున్నాడు.

ఓనరు బూట్లు వచ్చి పడవ పక్కన ఆగాయి. "రంగు వేసేశారుగా! ఇంకా ఏం గోకుతున్నారు?"

"చిన్న లోపం ఉందండీ. సరిచేస్తున్నాం."

"గొడ్డలికి పదును పెట్టించమంటారా పోనీ?"

"పెట్టించండి. కట్టెలు కొట్టుకోడానికి ఎప్పుడైనా పనికొస్తుంది" అన్నాడు దూదాయన కింద నుంచే.

బూట్లు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాయి.

సందులు రెండూ ఖాళీ అయ్యాక దూదాయన సంచీలోంచి దూది తీసి అరచేతుల మధ్య పేనాడు. దారం కన్నా లావు, తాడు కన్నా సన్నం. జీవితమంతా చేసిన పని కావడంతో ఆ చేతులు ఆయన్ని అడక్కుండానే కదులుతాయి. అందుకే ఆయన కనుబొమల్లో, చెవుల మీద, చొక్కా బొత్తాల దగ్గర ఎప్పుడూ దూది పోగులుంటాయి. దూదాయన అనే పేరు అలా వచ్చి, అసలు పేరుని మింగేసింది. కాయితాల మీద సంతకం పెట్టవలసి వచ్చినప్పుడు ఆయన ఒక్క క్షణం ఆగి గుర్తుతెచ్చుకునేవాడు.

"నువ్వు కొట్టు, నేను వింటాను" అని కొయ్యసుత్తీ మొద్దు ఉలీ బావమరిది చేతిలో పెట్టాడు.

"వినడమేంటి బావా?"

"కొట్టు, చెప్తాను."

బావమరిది ఉలితో దూదిని సందులోకి నెట్టి సుత్తితో కొట్టాడు. మొదట మెత్తటి చప్పుడు, మట్టి మీద కాలు వేసినట్టు. ఇంకో దెబ్బకి కాస్త గట్టిగా. ఆ తరవాత చెక్కంతా ఖంగుమంది.

"తీసెయ్. మళ్ళీ పెట్టు" అన్నాడు దూదాయన. "తడిగా ఉన్న పడవైతే మోగేదాకా కొట్టాలి. ఎండిపోయిన పడవైతే మోగబోతుండగా ఆపాలి."

"మోగబోతోందని ముందే ఎలా తెలుస్తుంది?"

"నీ అక్క అరవబోయే ముందు నీకు తెలియదూ?"

బావమరిది పడవ కింద పడీ పడీ నవ్వాడు. నవ్వయ్యాక, ఈసారి ఆగవలసిన చోట ఆగాడు.

"ఇన్నేళ్ళలో ఇది నాకెందుకు చెప్పలేదు బావా?"

"నువ్వు తాళ్ళవాడివి. ఎప్పుడడిగావు?" అని, కొంచెం సేపటికి, "నాకూ ఎవరూ చెప్పలేదురా" అన్నాడు దూదాయన.

నిజమే. ఆయన ఈ షెడ్డులో చేరింది చెక్కపొట్టు ఊడవడానికి. అప్పటి ముసలి మేస్త్రీ నోరు విప్పేవాడు కాదు. తను బయట కొడుతూ, ఆయన్ని పడవ లోపల చెవి ఆనించి కూర్చోమని సైగ చేసేవాడు. అలా కూర్చుని కూర్చుని పని చెవిలోంచి చేతికి దిగింది. ఆ తరవాత ఎన్ని పడవలు ఆయన వేలి కింది నుంచి నీళ్ళలోకి వెళ్ళాయో ఆయన లెక్కపెట్టుకోలేదు. వాటిని నడిపినవాళ్ళు తుఫానుల గురించీ, గాలి గురించీ, తమ ధైర్యం గురించీ చెప్పుకునేవారు. కాళ్ళ కింద అడుగు పొడిగా ఉండడం గురించి ఎవరూ చెప్పుకోలేదు. పని కుదిరిందనడానికి దూదాయనకి అదే గుర్తు. చిన్నప్పుడు షెడ్డులో దూది బస్తా మీద నిద్రపోయిన కూతురు ఇప్పుడు మార్కెట్టు వెనక సైకిళ్ళ కొట్టు నడుపుతోంది. చక్రం తిరిగే మోత విని జబ్బు చెబుతుందని ఆ పిల్లకి పేరు. ఆ చెవి ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన ఎవరితోనూ గొప్పలు పోలేదు గాని, అటు వెళ్ళినప్పుడల్లా అవసరం లేకపోయినా కొట్టు ముందు కాసేపు నిలబడేవాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి భార్య క్యారియరు తీసుకుని వచ్చింది. పడవ కిందికి వంగి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"వీడేంటి సుత్తి పట్టుకున్నాడు? మీరేంటి పడుకున్నారు?"

"నీ తమ్ముడికి బుద్ధొచ్చింది. చూస్తే దిష్టి తగులుతుంది, వెళ్ళు."

"డాక్టరు దగ్గరికి ఈ పూటే వెళ్దామన్నానా లేదా?"

"దీన్ని దిగనీ. రేపు వెళ్దాం."

"మీరు చెప్పిన రేపులన్నీ పోగేస్తే ఇంకో జన్మకి సరిపోతాయి" అంది. అంటూనే చెయ్యి చాచి ఆయన కనుబొమలోంచి దూది పోగు తీసింది. ప్రతి సాయంత్రం ఇంటి గుమ్మం దగ్గర చేసే పనే, ఇవాళ ముందే చేసింది. ఆయన కళ్ళు మూసుకుని తీయించుకున్నాడు.

లప్పం పెట్టడం మాత్రం దూదాయన ఎవరికీ వదల్లేదు. కుడి చేతి బొటనవేలితోనే, సందు పొడవునా, పిసరంత పల్లంగా. దాని మీద రంగు పచ్చిగా ఉండగానే నీళ్ళు ఏటవాలు మీదికి పాకడం మొదలైంది.

ఊతకొయ్యలు తీసేశారు. చక్రాల బండి మీద కూర్చున్న పడవ ఇనుపతాడు పట్టులో మెల్లగా దిగింది. నీళ్ళు అడుగును తాకాయి, పక్కలకు ఎక్కాయి. ఉన్నట్టుండి పడవ ఉలిక్కిపడినట్టు బండి మీద నుంచి లేచింది. షెడ్డులో దాన్ని కట్టెల మోపు అనుకున్న మనిషికి కూడా అప్పుడు చూస్తే అది ఎందుకు పుట్టిందో తెలిసిపోతుంది. నర్సమ్మ గట్టు మీద నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

రేవుకి కట్టేశాక దూదాయన లోపలికి దిగబోతుంటే బావమరిది అడ్డుపడ్డాడు. "కట్టేసిన పడవెక్కినా వాంతి చేసుకునేవాడివి, నీకెందుకు? నేను చూస్తాగా."

"నీకు తాళ్ళు తెలుసు. నన్ను దిగనీ."

అన్ని పడవలు నీళ్ళకి అప్పగించిన మనిషి ఒక్కసారి కూడా సముద్రం మీదికి వెళ్ళలేదన్న మాట నిజం. ఇవాళ మాత్రం ఆయన మెట్లు దిగి, అడుగు చెక్కలు తీసి, పడవ పక్కటెముకలాంటి వంపు కొయ్యకి వీపు ఆనించి కూర్చున్నాడు. ప్రతి సందులోంచీ చెమట పట్టినట్టు నీళ్ళు వస్తున్నాయి. దూలం పక్కనైతే సన్నటి ధారే కడుతోంది.

పైన పంపు కొడుతున్న ఓనరు అరిచాడు. "కారుతోందా?"

"లేదండీ. తాగుతోంది."

"రెండిటికీ తేడా ఏంటయ్యా?"

"దాహం తీరితే తాగడం ఆగుతుందండీ. కొడుతూ ఉండండి."

నర్సమ్మ గాజు గ్లాసులో టీ పట్టుకుని కిందికి వంగింది. ఆయన అందుకుంటుంటే మొహంలోకి చూసి, "మీ రంగు నాకు నచ్చలేదు" అంది.

"కింద వెలుతురు తక్కువండీ."

"నాకు కబుర్లు చెప్పకండి. పంపు ఆగగానే నాతో ఆసుపత్రికి వస్తున్నారు. మీ ఆవిడతో మాట్లాడేశాను."

"ఇద్దరూ కలిస్తే ఇక నేనేం చేస్తానండీ? వస్తాను."

ఆవిడ పైకి వెళ్ళింది. ఆయన రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టి, అరచెయ్యి పలక మీద ఆనించాడు. కింద ఎక్కడో చెక్క చిటుక్కుమంది. ఇంకోచోట ఇంకొకటి. పలకలు ఒకదాని దగ్గరికి ఒకటి జరుగుతున్నాయి. నెట్టుకోవడం లేదు, చోటు చేసుకుంటున్నాయి. ముసలి మేస్త్రీ కొడుతుంటే లోపల కూర్చుని విన్న రోజుల్లోలాగే ఆయన చెవి చెక్కకి ఆనించాడు. ధార దారమంత అయింది. దారం తెగి చుక్కలయింది. కడుపులో తిప్పడం లేదని ఆయనకి ఆశ్చర్యం కలిగింది. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం పెరుగుతూ పోయింది.

ఎండ వాలుతుండగా పంపు గుటుక్కుమంది. ఓనరు మళ్ళీ కొట్టాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. నమ్మకం కలగక ఇంకోసారి కొట్టి, పిడి వదిలేసి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"తీసుకెళ్ళండమ్మా మీ పడవని" అన్నాడు నర్సమ్మతో. తరవాత, ఎవరూ అడక్కుండానే, "ఏడాదికొకసారి తీసుకురండి. చోటు ఉంచుతాను" అన్నాడు.

బావమరిది పరిగెత్తి తల లోపలికి దూర్చాడు. "బావా! ఆగింది! విన్నావా?"

దూదాయన చెవి చెక్కకి ఆనించి, అరచెయ్యి పలక మీద పెట్టి కూర్చునే ఉన్నాడు.

"చూశారా, మా బావ పడవలో నిద్రపోయాడు!" అని బావమరిది నవ్వాడు. "ఇంటికెళ్ళి చెప్తే అక్క నమ్మదు."

నర్సమ్మ నవ్వలేదు. మెట్లు దిగి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మణికట్టు పట్టుకుంది. తరవాత మెడ దగ్గర వేళ్ళు ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. ఆవిడ వేళ్ళకి తెలియవలసింది ఎప్పుడో తెలిసిపోయినా, ఆ చెయ్యి వదల్లేకపోయింది. పలక మీదున్న రెండో చేతిని కదపలేదు.

"మీ అక్కని పిలుచుకురండి" అంది మెల్లగా. "పరిగెత్తకండి. తొందరేం లేదు."

బావమరిది అడుగుల చప్పుడు రేవు మీద దూరమైంది. పడవ అడుగు పొడిగా ఉంది. ఆయన పక్కన పెట్టిన గ్లాసులో సగం టీ మిగిలి ఉంది. పడవ ఒరిగినప్పుడల్లా తనూ ఒరుగుతూ, చుక్కైనా తొణక్కుండా.