వెనక వరుసలో జములమ్మ

గోవిందు తన పెళ్లి సీడీ పట్టుకుని మెట్లెక్కుతుంటేనే అర్షద్‌కు సంగతి అర్థమైంది. గద్వాలలో పెళ్లి వీడియోల దుకాణం పెట్టాక ఇంత భయం అతనికి ఎప్పుడూ పుట్టలేదు. తుంగభద్ర వరదలో అలంపూర్‌లోని గోవిందు ఇల్లు మునిగి ఫొటోలన్నీ పోయాయి. ఆ వెంటనే జ్వరమొచ్చి తల్లి జములమ్మ పోయింది. అత్తగారింట్లో ఉండబట్టి పెళ్లి సీడీ ఒక్కటే మిగిలింది.

"అర్షద్ భాయ్, రేపు అమ్మ దినాలు. దండ ఎయ్యనీకి ఒక్క ఫొటో లేదు. నా పెండ్లి సీడీల అమ్మ ఉంటది. జర ముఖం తీసి పెద్దగ జేసియ్యి" అన్నాడు గోవిందు.

అర్షద్ సీడీని కంప్యూటర్‌లో పెట్టాడు. పెళ్లంతా ఒకే సీడీలో పట్టాలని అప్పుడు వాళ్లే పట్టుబట్టారు. అంతా ఒకే తీరుగా కుదిస్తే పెళ్లికొడుకు ముఖం కూడా గళ్లుగళ్లుగా వచ్చింది. దాంతో మహా తెలివిమంతుడిలా పందిట్లోవాళ్లకు స్పష్టత ఉంచి, వెనక కూర్చున్నవాళ్ల బొమ్మల్లో బాగా తగ్గించేశాడు. వాళ్లనెవరు చూస్తారులే అనుకున్నాడు. కెమెరాలో ఆ పెళ్లి తీసిన క్యాసెట్ మీదే తర్వాత మరో పెళ్లి తీశాడు. కంప్యూటర్‌లో చోటు లేదని, కుదించకముందున్న అసలు ఫైలు కూడా చెరిపేశాడు.

సీడీ తిరిగింది. పంతులు చెవిపోగు కూడా తేటగా కనిపిస్తుంటే అర్షద్‌కు ఇంకా భయమేసింది. ఇప్పుడు తప్పించుకోవడానికి లేదు. కెమెరా వెనక్కి మళ్లింది. వంటపాత్రల పక్కన నీలం చీర, దాని పైన ముఖం ఉండాల్సిన చోట గోధుమరంగు గళ్లు.

"గామెనే. జర సాఫ్ జెయ్యి."

"కాదన్నా. అండ్ల లేనిది నేనేడికెళ్లి తెస్త? జాగ సరిపోక పందిట్లోళ్లను సాఫ్‌గ ఉంచిన, ఎనకోళ్లను తగ్గించిన. క్యాసెట్ గూడ లేదు."

గోవిందు లేచాడు. నాగలి పట్టిన చేతులవి. అర్షద్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. దెబ్బ పడలేదు.

"మొగడు లేనోళ్లు పందిట్లకు రావొద్దని నేనే అన్న" అన్నాడు గోవిందు, వినపడీ వినపడని గొంతుతో. "మారు మాట్లాడక పోయి ఎనక కూసుంది. నేను తిరిగి సూడలే. ఆ పొద్దు నవ్వుతుండెనో ఏడుస్తుండెనో, జర జూసి చెప్పు భాయ్."

అర్షద్ తెర మీదికి వంగాడు. ఎంత దగ్గరగా చూసినా గళ్లే కనిపించాయి.