సైదమ్మ పథ్యం

గిర్నీ చప్పుడు మారగానే సైదమ్మ సంచి మూతి సరిచేసింది. గరగర తగ్గి సన్నటి రొద మిగిలిందంటే కొమ్ములు నలిగి పసుపు దిగుతున్నట్టు. వెచ్చటి పిండిని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, ఇంకోసారి పట్టాలని తల ఊపింది. కనుబొమలు, చెవి తమ్మెలు, కాలివేళ్ల సందులు అన్నీ పసుపే. మొగుడు నాగయ్య పోయాక ఒంటికి పసుపు తగలకూడదన్నారు కులపోళ్లు. ఆమె పనిచేసే గిర్నీ ఆ మాట వినలేదు.

రేపు పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర. దేవుడి మీద చల్లే బండారికి ఊరూరా పసుపు కావాలి కాబట్టి సూర్యాపేట గిర్నీలకు పొద్దుటి నుంచీ ఊపిరి సలపడం లేదు. పెళ్లయి చివ్వెంలకు వచ్చిన నాటి నుంచి, రెండేళ్లకోసారి ఇంటి బోనం సైదమ్మ నెత్తి మీదే గట్టెక్కేది. కిందటి జాతరకు మాత్రం మోకాళ్లు మొరాయించాయి. కోడలు విజయ కుండ ఎత్తుకుంటే, సైదమ్మ గట్టు కింద కూర్చుని ఇంటిల్లిపాది చెప్పులకు కాపలా కాసింది. ఆ అవమానం ఎవరికీ చెప్పలేదు, మరిచిపోనూ లేదు.

జల్లెడ పట్టేది నేల మీద కూర్చునే. ఆమె గోడ పట్టుకుని మూలుగుతూ లేవడం చూసి గిర్నీ యజమానురాలు స్వరాజ్యలక్ష్మి ఒక ఎత్తు పీట చేయించింది. మంచి మనసుతోనే చేయించింది. కానీ దాని మీద కూర్చున్నప్పుడల్లా సైదమ్మకు తనను పాత సామానులా అటకెక్కించినట్టుండేది. గోడ పట్టుకోకుండా నేల మీంచి లేచిన రోజున బోనం మళ్లీ నాదేనని మనసులో అనుకుంది.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. సైదమ్మ ఆ సామెతను లెక్కచేయక రోజూ పరగడుపున చెంచాడు పసుపు నీళ్లలో కలిపి తాగింది. నాలుక పచ్చబడింది గానీ మోకాలు మాట వినలేదు. అప్పుడు మిర్యాలగూడ మందుల షాపులో పనిచేసే తమ్ముడి కొడుకు మధుసూదన్ పసుపు సారం గోళీలు తెచ్చిచ్చాడు. మందన్నాక పథ్యం ఉండాలి కదా. పుట్టింట్లో ఆకు పసరు మింగినా పథ్యమే. నూనె మానింది, నెయ్యి మానింది, చప్పిడి కూడు తింది, తెల్లవారుతూనే ఉత్త కడుపున నీళ్లతో గోళీ మింగింది. డబ్బా ఖాళీ అయింది, నొప్పి నొప్పిలాగే ఉంది. అతను ఇంకో రకం తెచ్చాడు. అందులో మిరియాల సారం ఉందని తెలిసి, మిరియం వేడని గూట్లో పడేసింది. ఇంత నిష్ఠగా మందును పనిచేయకుండా ఆపిన మనిషి జిల్లాలో మరొకరు ఉండరు.

కోదాడలో ఫార్మసీ చదివే స్వరాజ్యలక్ష్మి కూతురు నిత్య దీపావళికి వచ్చినప్పుడు ఈ సంగతి బయటపడింది.

"గోళీలు ఎట్ల వేసుకుంటున్నవ్ సైదమ్మా?"

"పరగడుపున, బిడ్డా. పథ్యం తప్పలే."

నిత్య నవ్వలేదు. "పనైనంక చేతుల పసుపు దేంతోని పోతది?"

"నీళ్లకు పోతదా? నూనె రుద్దితే పోతది."

"కడుపుల గూడ గంతే. నీళ్లల్ల కరగదు, నూనెల కరుగుతది. ఉత్త కడుపున వేసుకుంటే శానమట్టుకు అట్లనే బయటికి పోతది. అన్నంల జర నెయ్యేసుకుని, తిన్నంక వేసుకో. ఒంట్లకు పోయిన కొంచెం గూడ లివర్ తొందరగ తోలేస్తది. మిరియం ఆ తోలుడును జర ఆపుతది, అందుకే కలుపుతరు."

"అయితే నొప్పి పోతదా?"

"అది నేను చెప్పలేను. ఒంటికి పట్టుడు వేరు, నొప్పి తగ్గుడు వేరు. ముందుగాల దవాఖానల చూపిచ్చుకో. ఈ గోళీల సంగతి గూడ డాక్టర్‌కు చెప్పు."

సైదమ్మ చూపించుకుంది. డాక్టరు గోళీలు వాడుకోమని, కాలు చాపి ఎత్తే కసరత్తు నేర్పాడు. గూట్లోని డబ్బా కిందికి దిగింది, కంచంలోకి నెయ్యి వచ్చింది. నెయ్యి గొప్పతనమో, మిరియానిదో, కసరత్తుదో, లింగమంతుల స్వామిదో తెలియదు గానీ, చలికాలం వెళ్లేసరికి రూపాయిలో చారాణా, పావు వంతు నొప్పి తగ్గింది. ఉన్నవాళ్లకు చారాణా చిల్లర కావచ్చు, సైదమ్మకు మాత్రం పండగే.

ఈ మధ్యాహ్నం ఆమె ఎవరికీ చెప్పకుండా పీటను మూలకు జరిపి, గోడకు దూరంగా నేల మీద కూర్చుని జల్లెడ పట్టింది. పొద్దు వాలుతుండగా విజయ కొత్త కుండ చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"పోదమా అత్తమ్మా? రేపు కుండ నేనే ఎత్తుకుంట తియ్. నువ్వు పరేషాన్ కాకు."

సైదమ్మ జల్లెడ పక్కన పెట్టి కాలు మడిచింది. అలవాటు కొద్దీ చేయి గోడను వెతికింది, దొరకక తిరిగొచ్చి మోకాలి మీద ఆనింది. నొప్పి ఉంది, లేవలేనంత లేదు. తూకం దగ్గర స్వరాజ్యలక్ష్మి చేతిలో రాయి పట్టుకుని అలాగే నిలబడి చూసింది. సైదమ్మ లేచి నిలబడింది. సంతోషానికి కళ్లు నిండితే, పసుపు పడినట్టు కొంగుతో తుడుచుకుంది.

"కుండ ఇటు తే. గట్టెక్కేటప్పుడు నడుమల కూసుంట, మల్ల లేస్త."

"చెప్పులో?"

"ఈసారి చెప్పులు ఇంట్లనే ఇడిసిపోదం. కాపలా ఎవ్వరొద్దు."

కుండను నెత్తిన పెట్టి చూసుకుని, స్వరాజ్యలక్ష్మికి పోయొస్తనని చెప్పి, ఆమె కోడలి వెంట బస్సుకు బయల్దేరింది. రోడ్డు మీద ట్రాక్టర్లలోంచి "ఓ లింగా" అని కేకలు వినిపిస్తున్నాయి.

స్వరాజ్యలక్ష్మి గిర్నీ ఆపింది. గాలిలో ఆడుతున్న పసుపు మెల్లగా దిగింది. రోజూ పీట నడుమ మనిషి కూర్చున్న మేర కర్ర రంగు కనిపించేది. ఇవాళ దాని మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పసుపు పరుచుకుని ఉంది.